పడవ పడుకునే పట్టెలు

గోదారి మీద తిరిగినన్నాళ్లూ పడవకి ఏమీ కాలేదు. గట్టెక్కి ఇంటి పంచన ఊరికే ఉన్నప్పుడు దాని అడుగు పగిలింది. తప్పు పడవది కాదు, దాని కిందున్న రెండు చెక్కలది. ఆ రెండు చెక్కలు మార్చడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది.

జులై మొదటి వారం. ధవళేశ్వరంలో ఇంకా ఒకటో ప్రమాద హెచ్చరిక కూడా ఇవ్వలేదు. కానీ ఏట్లో ఎర్రనీరు వచ్చేసింది. ఏటా ఈ రోజుల్లో మావయ్య పడవని కోటిపల్లి రేవుకి చేరుస్తాడు. ఆవేళ కూడా అలాగే ట్రాక్టరు తెప్పించాడు. ట్రైలరుకి కొక్కెం తగిలించారు. ట్రాక్టరు రెండు బారలు కదిలిందో లేదో, ఎండు కొబ్బరిమట్ట మీద కాలేసినట్టు ఫెళ్లుమని ఓ చప్పుడైంది. పడవ ఎడమ పక్కకి జానెడు ఒరిగింది.

వంగి కిందకి చూశాను. పడవ కింది చెక్కకి, అంటే పట్టెకి, చుట్టిన తివాచీ బాగానే ఉంది, ఎక్కడా చిరగలేదు. వేలితో నొక్కితే మాత్రం లోపలికి దిగిపోయింది. తివాచీ కోసి చూస్తే లోపల చెక్క లేదు. తడిసిన రంపపు పొట్టులా, ముదురు గోధుమరంగులో, పుట్టగొడుగు వాసన వేస్తూ ఏదో ముద్ద ఉంది. దాన్ని మోస్తున్న ఇనప ఏంగిల్ అంచు పడవ అడుగులోకి గుచ్చుకుపోయింది. ఫైబర్ మీది నున్నటి పూత సాలెగూడులా చిట్లింది.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పడవ మీద చెయ్యేసి, "నీళ్లలో దీనికి ఏనాడూ దెబ్బ తగల్లేదురా. తెచ్చి ఇంట్లో పెట్టి మనమే పాడుచేశాం" అన్నాడు.

ఆ మాటకి ఎంత బరువుందో మా ఇంట్లో అందరికీ తెలుసు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఈ పడవే లంకలో చిక్కుకున్న వాళ్లని గట్టుకి చేర్చింది. పాలప్యాకెట్లు, మంచినీళ్ల డబ్బాలు, ఓ పచ్చి బాలింతరాలు, రెండు లేగదూడలు. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటిన వరదని కళ్లారా చూసినవాడు మావయ్య. అందుకే కొబ్బరి ధర పడిపోయిన ఏడాది కూడా పడవ అమ్మలేదు. రోడ్డు ఎక్కడ తెగితే అక్కడికి పడవ చేరాలంటే అది రేవులో కట్టేసి ఉంటే చాలదు, చక్రాల మీద ఉండాలి. ట్రైలరు చేయించింది అందుకోసమే.

ట్రైలరంటే పెద్ద యంత్రమేమీ కాదు. రామచంద్రపురంలో ట్రాక్టరు ట్రక్కులు కట్టే వెల్డింగ్ షాపులో చేయించాం. పాత జీపు ఇరుసు, రెండు చక్రాలు, ఇనప చానల్ చట్రం, ముందు పడవని లాగి బిగించే చేతి వించి. చట్రం మీద పొడవునా రెండు చెక్కలు. పడవ కూర్చునేది వాటి మీదే. ఇంటింటా ట్రైలరు మీద పడవ ఉండే దేశాల్లో వీటిని బంక్ బోర్డులంటారు. మా వెల్డింగ్ మేస్త్రి పట్టెలంటాడు, మంచం పట్టెల్లాగ. బంక్ అన్నా పడకే. ఒకరి మాట ఒకరు ఎరక్కుండానే ఇద్దరికీ ఒకే పోలిక తోచింది.

నీరు మోసినట్టు నేల మోయదు

ఆ రాత్రి కాగితం మీద ఓ చిన్న లెక్క వేశాను. పడవ, ఇంజను, పెట్రోలు డబ్బా, తాళ్లు, లంగరు అన్నీ కలిపి దగ్గర దగ్గర 360 కిలోలు. పదహారు అడుగుల పడవకి నీటిలో ఆనే అడుగు భాగం సుమారు 60 చదరపు అడుగులు. అంటే నీటి మీద ఉన్నప్పుడు ఒక్కో చదరపు అడుగు మోసేది 6 కిలోలే. ఏట్లో నీరు పడవని అరచేతుల్లో పసిబిడ్డని ఎత్తుకున్నట్టు అన్ని వైపుల నుంచీ పట్టుకుంటుంది.

అదే పడవ ట్రైలరు ఎక్కితే? మా పట్టె ఒక్కోటి 9 అడుగుల పొడవు, 4 అంగుళాల వెడల్పు. రెండూ కలిపితే 6 చదరపు అడుగులు. చదరపు అడుగుకి 60 కిలోలు పడుతుంది. నీటి మీద పడేదానికి పదింతలు. అది కూడా పట్టె పొడవునా పడవ సరిగ్గా ఆనినప్పటి మాట. పట్టె విరిగిందంటే ఆ బరువు వెళ్లి అరచేయంత కూడా లేని ఇనప అంచు మీద పడుతుంది. ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి వెళ్లే దారిలో ఒక్క గుంటలో చక్రం పడితే చాలు, ఆ అంచు ఉలిలా పనిచేస్తుంది.

పడవలున్న వాళ్లు కూడా ఇంకో సంగతి పట్టించుకోరు. ఇంజను వేలాడేది పడవ వెనక పలక మీద. పట్టె ఆ పలక కిందదాకా రావాలి. జానెడు ముందే ఆగిపోతే ఇంజను బరువు నెలల తరబడి వెనక భాగాన్ని కిందకి లాగుతూ ఉంటుంది. కొన్నాళ్లకి పడవ అడుగు వెనకవైపు కొక్కెంలా వంగిపోతుంది. కంటికి ఆనదు. నీటి మీద వేగం అందుకున్నప్పుడు మాత్రం ముక్కు కిందకి తన్నుతుంది. పోనీ తర్వాత సరిచేద్దామంటే ఫైబర్‌లో పడిన ఆ వంపు ఓ పట్టాన పోదు. మా పాత పట్టె కొలిచి చూస్తే వెనక పలకకి నాలుగు అంగుళాల ఇవతలే ఆగి ఉంది. ఇన్నాళ్లూ మా కళ్ల ముందే ఉంది, ఎవరమూ చూడలేదు.

ఇక పుచ్చు సంగతి. తడి వల్ల చెక్క పోయిందని అందరం అంటాం. నిజానికి చెక్కని తినేది నీరు కాదు, శిలీంధ్రం. అది బతకాలంటే తడితో పాటు గాలి కూడా కావాలి. చెక్కలో తేమ నూటికి ఇరవై పాళ్ల లోపు ఉంటే అది పెరగదు. చెక్క పూర్తిగా నీటిలో మునిగి ఉన్నా గాలి అందక పెరగదు. నూతి ఒరల కింద వేసిన నేరేడు చెక్క ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉండేది అందుకే. చేలో కంచె గుంజ చూడండి. ఎప్పుడూ నేలమట్టానికే విరుగుతుంది. మట్టి లోపలి ముక్క బాగుంటుంది, పై ముక్క బాగుంటుంది. తడీ గాలీ కలిసే చోటే పుచ్చుతుంది. తడి తివాచీ కప్పుకుని నీడలో పడి ఉన్న పట్టె నిలువునా ఆ నేలమట్టం లాంటిదే. మేం చేసిన పొరపాటు అదే. పడవకి మెత్తగా ఉంటుందని ఇంట్లో పరిచే తివాచీని, దాని కింద స్పాంజి వేసి, నాలుగు వైపులా సందు లేకుండా దుప్పటి కప్పినట్టు చుట్టేశాం. లోపలికి వెళ్లిన నీరు బయటికి వచ్చే దారి లేదు.

డాలస్ నుంచి ఫోను, డెహ్రాడూన్ దాకా దారి

మావయ్య కొడుకు, మా బావ, అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. పడవల పిచ్చి తండ్రి నుంచే వచ్చింది. అక్కడ లూయిస్‌విల్ చెరువులో తిప్పడానికి అల్యూమినియం పడవ ఒకటి కొన్నాడు. వీడియో కాల్‌లో మా పట్టె చూపిస్తే తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, ఇక్కడ ఏ షాపుకెళ్లినా ఆకుపచ్చ ఛాయలో చెక్క అమ్ముతారు. ప్రెజర్ ట్రీటెడ్ అంటారు. మందు ఎక్కించిన చెక్కన్నమాట. బంక్ బోర్డులకి అందరూ అదే వేస్తారు. మన దగ్గర దొరుకుతుందేమో కనుక్కో. నాన్నని మాత్రం పడవ కింద దూరొద్దని చెప్పు, ముందు ఆయన్ని ఆపు."

ఆ ఆకుపచ్చ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని వెతుకుతూ వెళ్లాను. తీరా చూస్తే దాని మూలంలో ఉన్నది ఒక తెలుగువాడు. శొంఠి కామేశం.

డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్త ఆయన. 1933లో రాగి, ఆర్సెనిక్, క్రోమియం లవణాలు కలిపి చెక్కని కాపాడే మందు కనిపెట్టాడు. ఆర్సెనిక్, రాగి మూలకాల గుర్తులు కలిపి దానికి ఆస్కు అని పేరు. 1938లో అమెరికా పేటెంటు వచ్చింది. రాగి శిలీంధ్రాన్ని చంపుతుంది. ఆర్సెనిక్ చెదల్ని, పురుగుల్ని చంపుతుంది. ఈ రెండూ అప్పటికే తెలిసినవే. చిక్కల్లా ఏమిటంటే అవి నీటిలో కరిగే లవణాలు. చెక్కకి పట్టించినా రెండు వానలకి కడిగేసినట్టు పోయేవి. కామేశం తెలివంతా క్రోమియం చేర్చడంలో ఉంది. చెక్క లోపలికి వెళ్లాక అది రాగినీ ఆర్సెనిక్‌నీ కరగని పదార్థాలుగా మార్చి చెక్కలోనే కట్టి పడేస్తుంది. వానకి తడిసినా, ఏట్లో నానినా దాదాపు బయటికి పోవు.

ఎక్కించే పద్ధతి అంతకు ముందు నుంచే ఉంది. చెక్కల్ని పెద్ద ఇనప గొట్టంలో పెట్టి మూస్తారు. లోపలి గాలి తోడేస్తారు. చెక్క కణాల్లోని గాలి కూడా బయటికి వచ్చేస్తుంది. అప్పుడు మందునీళ్లు వదిలి ఒత్తిడి పెడితే దాహంతో ఉన్న నేల తొలకరి వానని తాగినట్టు చెక్క తాగేస్తుంది. ఈ మందు తాగిన చెక్కలు అమెరికాలో టెలిఫోను తీగలు మోశాయి, కంచెలు నిలబెట్టాయి, ఇళ్ల ముందు అరుగులయ్యాయి, పడవలకి పడకలయ్యాయి. ఆర్సెనిక్ విషమన్న భయంతో 2003 చివరి నుంచి అక్కడ ఇళ్ల వాడకానికి దాన్ని మానేశారు. స్తంభాలకి, సముద్రపు పనులకి ఇప్పటికీ వాడతారు. ఇళ్లకి బదులుగా రాగి ఎక్కువ ఉండే మందులొచ్చాయి. అల్యూమినియం పడవ ఉన్నవాళ్లకి వాటితో కొత్త చిక్కు. తడి చెక్కలోని రాగి తగిలిన చోట అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా తినేస్తుంది. బావ పడవ అడుగున అలాంటి మచ్చలు వీడియోలో చూపించాడు. ఫైబర్ పడవకి ఆ బెడద లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం అందరికీ: ఈ మందు చెక్కల ముక్కలు మిగిలితే పొయ్యిలో పెట్టకూడదు. పొగా విషమే, బూడిదా విషమే.

తెలుగువాడు వేసిన దారిలో వచ్చిన మందు చెక్క డాలస్‌లో ఏ షాపులో అడిగినా దొరికింది. రామచంద్రపురంలో, మేం తిరిగిన అడితిల్లో దొరకలేదు. కామేశం పేరు తెలుగునాట బడిపిల్లలకి తెలియాల్సిన పేరు. నేను యాభై ఏళ్లకి, అదీ పట్టె విరిగితే తెలుసుకున్నాను. ఆ బాధ నాకింకా ఉంది.

మండువా లోగిలి దూలం

మందు చెక్క లేదు సరే, మరేం వేద్దాం? మావయ్య ఇంట్లో సరుగుడు వాసాలున్నాయి. తోటలో కొబ్బరి మొద్దులకి కొదవ లేదు. కొబ్బరికి చేవ అంటూ ఉండదు, తడి తగిలితే రెండేళ్లు ఆగదు. నల్లమద్ది గట్టిదే గానీ ఎండకి పగులు వదులుతుంది. నిద్రగన్నేరు చవక, దాన్ని వడ్రంగి మేస్త్రి ముట్టుకోనన్నాడు.

చివరికి మేస్త్రే దారి చూపించాడు. "ఆయ్, కొత్త చెక్క ఎందుకండి బాబూ. ఫలానా వీధిలో మండువా లోగిలి విప్పుతున్నారండి. పాత టేకు. వందేళ్ల కిందటి దూలాలండి. దానికి ఇంక ఎండేదీ లేదు, వంగేదీ లేదు" అన్నాడు.

వెళ్లి చూశాం. పెంకులు దించేసిన ఇల్లు, నడిమింట్లో ఆకాశం. దూలాలు గోడ వారగా పేర్చి ఉన్నాయి. పైన మసి, సున్నం, పిచ్చుక గూళ్ల పీచు. మేస్త్రి ఒక దూలం మీద చిత్రిక ఒక్క లాగు లాగాడు. నల్లటి తొక్క ఊడి కింద తేనెరంగు మెరిసింది. తోలుకీ నూనెకీ మధ్యస్థంగా ఉండే టేకు వాసన గుప్పుమంది. ఆ వాసనే దాని బలం. టేకు చేవలో సహజంగా ఉండే నూనెలు, రసాయనాలు శిలీంధ్రాన్నీ చెదల్నీ దగ్గరికి రానివ్వవు. పక్కనున్న తెల్లచెక్కకి ఆ గుణం లేదు. అందుకే మేస్త్రి దూలాన్ని తిప్పి తిప్పి చూసి, ఒక అంచున వేలెడు తెలుపు ఉంటే అంతమేరా తీసేయించాడు. కొన్న చెక్కలో పావు వంతు అలా పోయింది. మావయ్య నోరెత్తలేదు.

ఆ దూలం ఎక్కడి నుంచి వచ్చిందో ఇంటివాళ్లకి తెలుసు. బర్మా నుంచి ఓడలో వచ్చిన రంగూన్ టేకు అని వాళ్ల తాత చెప్పేవాడట. డెల్టాలో పాత లోగిళ్లలో సగానికి అదే పేరు వింటాం. రామచంద్రపురానికి తూర్పున, సముద్రపు ముఖాన ఉన్న కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1802లో అక్కడ ఓడలు బాగుచేయడానికి డాక్ కట్టారు. ఆల్బట్రాస్ అనే బ్రిటిష్ యుద్ధనౌకని అందులోకి తెచ్చి మరమ్మతు చేశారు. కోరంగి నుంచి ఎంతమంది బర్మా వెళ్లారంటే, అక్కడ తెలుగువాళ్లందరినీ కోరంగీలనే పిలిచారు. 1789లో, మళ్లీ 1839లో వచ్చిన ఉప్పెనలు ఆ ఊరిని తుడిచిపెట్టాయి. రేవు పూడింది, వ్యాపారం కాకినాడకి జరిగింది. ఓడలు కట్టే చేతులు మాత్రం అక్కడే ఉండిపోయాయి. పక్కనే తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టే పని తరతరాలుగా నడిచింది.

ఓడల మరమ్మతు ఏ దేశంలో చేసినా మొదటి ప్రశ్న ఒకటే. నీరు తీసేశాక ఓడ దేని మీద కూర్చోవాలి? డాక్ నేల మీద చెక్క దిమ్మెలు ముందే అమర్చి ఉంచుతారు. నీరు తగ్గుతున్న కొద్దీ ఓడ అడుగు దూలం వాటి మీదకి మెల్లగా దిగుతుంది. ఇనప ఓడకైనా కింద చెక్కే కావాలి. చెక్క కాస్త నలిగి బరువుని పంచుతుంది, ఇనుము నలగదు, గుచ్చుకుంటుంది. మా డెల్టా కాలవల్లో పడవలు తిరిగిన రోజుల్లో కూడా ఇదే సంగతి. గోదావరి మీద కాటన్ దొర కట్టించిన ఆనకట్ట 1852కి పూర్తయ్యాక కాలవలు సాగునీటికే కాదు, సరుకుల రవాణాకీ దారులయ్యాయి. కాకినాడలో ఎక్కిన సరుకు లాకులు దాటుకుంటూ, ఏలూరు కాలవ, కొమ్మమూరు కాలవ, బకింగ్‌హాం కాలవల మీదుగా మద్రాసు దాకా పోయేది. ఎండాకాలం కాలవలు కట్టేసేవారు. నీరు తీసిన కాలవలో పడవ అడుగు నేలకి ఆనేది, సందుల్లో నార కూరి తారు పూసే పనికి అదే అదను. ఆ కాలవలతో పాటు గోదావరి, కృష్ణ నదుల్లో కొంత భాగాన్నీ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. అప్పటి పొడవు 1,078 కిలోమీటర్లు. గూటి పడవలు మాత్రం తిరిగి రాలేదు.

ఓడలో వచ్చిన చెక్క వందేళ్లు ఇంటికి దూలమై, మళ్లీ పడవ కిందకే చేరుతోంది. ఈ మాట మేస్త్రితో అంటే, "మరి చేవున్న చెక్కండి అది, ఏదో ఒకటి మోయకుండా ఉండలేదండి" అన్నాడు.

కొలత, కోత, కప్పు

పని మొదలయ్యే ముందు పడవని దించాలి. మామూలుగా అయితే రేవులో తేలేసి, ఖాళీ ట్రైలరు ఇంటికి తెచ్చుకుంటే సరిపోయేది. పగిలిన పడవని తేలేయలేం. అందుకని వెనక ట్రాక్టరు టైర్లు, ముందు ఇసక బస్తాలు వేసి, జాకీతో కొంచెం కొంచెం లేపుతూ ట్రైలరుని ముందుకి లాగేశాం. ఒక్క జాకీ మీదే ఆధారపడి ఉన్న పడవ కిందకి ఎవరినీ వెళ్లనివ్వలేదు. కాకినాడ వైపు నుంచి వచ్చిన ఫైబర్ మేస్త్రి పగిలిన చోట తవ్వి, మూడు రోజులు ఎండబెట్టి, గాజుపీచు మ్యాటు పరిచి రెజిన్ పూశాడు. తడి ఉండగా పూస్తే ఊడొస్తుందని ఆ మూడు రోజులూ చెయ్యి పెట్టనివ్వలేదు.

పుచ్చిన పట్టెని నేను పారేయబోతే వడ్రంగి మేస్త్రి ఆపాడు. "అదే కదండీ మనకి కొలత." పుచ్చినా, విరిగినా, పాత పట్టెలో బోల్టు రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఏ చివర ఎంత వాలుగా కోశారో అంతా ఉంది. దాన్ని కొత్త చెక్క మీద పరిచి సుద్దతో గీత గీశాడు. ఎడమది ఎడమ, కుడిది కుడి అని ఉలితో గుర్తు పెట్టాడు. వెనకవైపు మాత్రం నాలుగు అంగుళాలకి పైన ఇంకో అంగుళం కలిపాడు.

రంపం పెట్టే ముందు మేకులు వెతికే పని ఒకటుంది. పాత దూలంలో మేకులు లోపల విరిగి కూర్చుంటాయి. మేస్త్రి చిన్న అయస్కాంతానికి దారం కట్టి దూలం మీదుగా నడిపించాడు. దారం ఒక్కసారి పక్కకి లాగితే అక్కడ సుద్ద చుక్క. పదకొండు చుక్కలు పడ్డాయి. పదకొండు మేకులు తీశాడు, చేత్తో కొట్టిన చదరపు మేకులు. రెండు నా దగ్గర ఉన్నాయి.

పట్టెని పడుకోబెట్టాలా, నిలబెట్టాలా అని కాసేపు వాదన నడిచింది. రెండు అంగుళాల మందం, నాలుగు అంగుళాల వెడల్పు చెక్కని నిలబెడితే వంగకుండా నాలుగింతలు ఆగుతుంది. కానీ పడవకి ఆనేది రెండు అంగుళాలే. మా ట్రైలరుకి ఏంగిళ్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి కాబట్టి పడుకోబెట్టాం. దూరదూరంగా ఉంటే నిలబెట్టడమే మంచిది.

పై అంచులు రెండూ చిత్రికతో గుండ్రంగా తీశాడు. పదునైన అంచు మీద తివాచీ మొదట చిరుగుతుంది. బోల్టులు ఎక్కించే చోట ముందు బరమాతో వెడల్పుగా గుంట తీసి, తర్వాత సన్న రంధ్రం వేశాడు. బోల్టు తల అర అంగుళం లోపలికి దిగాలి. చెక్క ఎంత నలిగినా తల పడవకి తగలకూడదు. చివరలు కోసిన చోట చెక్క నరాలు తెరుచుకుని ఉంటాయి. నీరు పీల్చేది అక్కడే, పుచ్చు మొదలయ్యేదీ అక్కడే. మందు ఎక్కించిన చెక్కకైనా కోసిన చివర లోపలి తెలుపు బయటపడుతుంది, దానికి మళ్లీ మందు పూయాలి. మేం చివరల్ని, రంధ్రాల లోపల్ని కాచిన అవిసెనూనెతో మూడు విడతలు తడిపాం. మూడోసారికి ఇక పీల్చడం మానేసింది.

కప్పు దగ్గర మావయ్యకి మనసులో కొబ్బరి పీచు పట్టా ఉంది. కోనసీమ పక్కన పుట్టి పీచు కాదంటే ఎలా అన్నాడు. పీచు ఉప్పునీటికి ఆగుతుంది, నిజమే. పడవకి మెత్తగానూ ఉంటుంది. అయితే ఇసక రేణువులు పీచులో ఇరుక్కుంటే గరుకు కాగితంలా పూతని గీకేస్తాయి, తడీ త్వరగా వదలదు. వెల్డింగ్ మేస్త్రి రైసుమిల్లు పాత బెల్టు వేయమన్నాడు. రబ్బరు పడవని జారనివ్వదు, నల్లటి చారలు పెడుతుంది. కొందరు నున్నటి ప్లాస్టిక్ పలకలు బిగిస్తారు. వాటి మీద పడవ వెన్నలా జారుతుంది. రేవు వాలులో వించి పట్టీ ముందే విప్పితే పడవ నీటిలో కాదు, సిమెంటు మీద దిగుతుంది. మూడూ కాదనుకుని రాజమండ్రి నుంచి పాలీప్రొపిలీన్ దారంతో నేసిన తివాచీ తెచ్చాం. నూలు గానీ గోనె గానీ కలవనిది. ఆ దారం నీరు పీల్చదు, నీరు పోగుల సందుల్లోంచి జారిపోతుంది.

తివాచీని ఒక పూట ఎండలో పరిచి మెత్తబడ్డాక చుట్టాం. ఈసారి పై భాగం, రెండు పక్కలు మాత్రమే. అడుగున తివాచీ అంచులు రెండూ కలవకుండా మధ్యలో రెండు వేళ్ల సందు వదిలాం. లోపలికి వచ్చిన నీరు కిందకి కారిపోవడానికి, చెక్కకి గాలి తగలడానికి ఆ సందు. పిన్నులన్నీ అడుగు వైపే, స్టెయిన్‌లెస్ స్టీలువే. మామూలు ఇనప పిన్నులు ఒక్క వానాకాలానికి తుప్పు పట్టి తలలు రాలిపోతాయి. చివర్లలో తివాచీని మా అత్తయ్య వచ్చి మడిచింది. ఆత్రేయపురం పూతరేకు మడిచినట్టు ముందు రెండు పక్కలు లోపలికి, ఆపైన మూత కిందకి. వడ్రంగి మేస్త్రి చూసి, తను మడిచిన రెండో చివర విప్పేసి అలాగే మళ్లీ మడిచాడు.

రేవు దగ్గర

తొమ్మిదో రోజు పొద్దున్నే ట్రైలరు కోటిపల్లి చేరింది. గౌతమిలో నీరు ఇంకా ఎర్రగానే ఉంది, వడి తగ్గింది. ముక్తేశ్వరం వైపు నుంచి పంటు వస్తోంది, దాని మీద మోటారు సైకిళ్లు, స్కూలు పిల్లలు, అరటి గెలలు. ఎగువన కొత్త రైలు వంతెన స్తంభాలు నీటిలో నిలబడి ఉన్నాయి.

ట్రైలరుని వెంటనే నీటిలోకి దించలేదు. రోడ్డు మీద వచ్చిన చక్రం బుడిపెలు కాలుతూ ఉంటాయి. వేడిగా ఉండగానే చల్లటి నీటిలో ముంచితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందుల్లోంచి నీటిని పీల్చి బేరింగు గ్రీజులో కలుపుతుంది. మావయ్య చెయ్యి వేసి చూసి చల్లబడ్డాయన్న దాకా ఆగాం.

పట్టెల బోల్టులు ఇంటి దగ్గర పూర్తిగా బిగించలేదు. నట్లు రెండేసి చుట్లు వదులుగా ఉంచి పడవని మెల్లగా ఎక్కించి తెచ్చాం. పడవని నీటిలోకి జార్చి, తేలాక, మళ్లీ ట్రైలరు మీదకి లాగాం. నీటి నుంచి బయటికి వస్తున్న కొద్దీ పడవ బరువు పట్టెల మీదకి దిగింది. వదులుగా ఉన్న ఏంగిళ్లు ఒక్కోటీ పడవ అడుగు వాలుకి తగ్గట్టు వాటంతట అవే తిరిగాయి. చిన్న కిర్రుమన్న చప్పుడు, తర్వాత ఏమీ లేదు. అప్పుడు మేస్త్రి మోకాళ్ల లోతు నీటిలోకి దిగి పానాతో ఒక్కో నట్టూ బిగించాడు.

మావయ్య వెనక్కి వెళ్లి, పడవ వెనక పలక కింద వేళ్లు పెట్టి తడిమాడు. పట్టె పలకని దాటి ఒక అంగుళం బయటికి వచ్చి ఉంది. పడవని ఇంకోసారి నీటిలోకి తోసి తాడు గుంజకి కట్టారు. ఖాళీ ట్రైలరుని ట్రాక్టరు రేవు మెట్టు మీదకి లాగింది. రెండు పట్టెల అడుగునా వదిలిన సందుల్లోంచి ఎర్రనీరు ధారగా కారి, కాసేపటికి చుక్కలైంది. అది పూర్తిగా ఆగేదాకా మావయ్య అక్కడే నిలబడ్డాడు.